పౌర్ణమి వారంలో కొమోడోలో స్కూబా డైవింగ్, కరెంట్ (నీటి ప్రవాహం) తట్టుకోగలమా?
ఆగస్టులో నేనూ మా ఆవిడా ఇండోనేషియాలో కొమోడో దీవుల దగ్గరున్న లబువాన్ బాజో వెళ్తున్నాం. టికెట్లు కొన్నాక చూస్తే సరిగ్గా ఆ వారంలోనే పౌర్ణమి పడింది. ఫ్లోరెస్ సముద్రానికీ హిందూ మహాసముద్రానికీ మధ్య నీళ్లన్నీ ఆ దీవుల సందుల్లోంచే దూరాలి కాబట్టి, పౌర్ణమికి ఆటుపోట్లు పెద్దవైతే కరెంట్ మామూలుగా ఉండదంటున్నారు. ఇద్దరికీ డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ ఉంది, కానీ డైవ్‌లన్నీ అండమాన్‌లోని హావ్‌లాక్‌లో నిదానమైన నీళ్లలోనే చేశాం.

ముఖ్యంగా బతు బోలోంగ్ అనే రాయి దగ్గర చేసే డైవ్ గురించే టెన్షన్. రాయికి కరెంట్ తగలని వైపే అటూ ఇటూ తిరుగుతూ పైకి రావాలట, అంచు దాటితే కిందికి లాగేస్తుందట. బుడగలు పైకి పోకుండా కిందికి దిగుతున్న వీడియో ఒకటి చూసినప్పటి నుంచి మా ఆవిడకి నిద్ర లేదు (నాకూ లేదు, పైకి చెప్పట్లేదు). అలాంటప్పుడు గోడ నుంచి దూరంగా ఈదాలా, బీసీడీలో (తేలడానికి వేసుకునే గాలి జాకెట్) గాలి నింపాలా? నింపితే కరెంట్ వదలగానే రాకెట్‌లా పైకి పోమా?

కాజిల్ రాక్ అనే ఇంకో డైవ్ స్పాట్‌లో రీఫ్ హుక్ (కరెంట్‌లో కొట్టుకుపోకుండా రాయికి తగిలించుకునే కొక్కెం) మాలాంటివాళ్లు వాడొచ్చా? నెగటివ్ ఎంట్రీ (పైన తేలకుండా దూకగానే నేరుగా కిందికి దిగడం) ఎప్పుడూ చేయలేదు, దిగేటప్పుడు చెవులు పట్టేస్తే గ్రూపు ముందుకెళ్లిపోదా? మొదటి రోజు సియాబా బెసార్ అనే చోట చెక్ డైవ్ (మా నైపుణ్యం చూసే తేలికపాటి తొలి డైవ్) అడుగుదామనుకుంటున్నా. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి, అవసరమైతే తేదీలు మార్చుకుంటాం.