‘అబికు’ను ‘పిల్లదయ్యం’ అనవచ్చునా?

నైజీరియా కాల్పనిక సాహిత్యంలో తరచుగా ఎదురయ్యే ‘అబికు’ అనే యొరూబా మాటను ‘పిల్లదయ్యం’ అని తెలుగు చేయవచ్చునా అన్న ప్రశ్నకు, కూడదనే నా సమాధానం. యొరూబాలో ‘బి’ అంటే కనడం, ‘కు’ అంటే చావడం. చావడానికే పుట్టిన బిడ్డ అని మొత్తం మాటకు అర్థం. ఒక తల్లికి వరసగా పుట్టి దక్కకుండా పోతున్న బిడ్డలు వేర్వేరు బిడ్డలు కారనీ, పైలోకంలోని తోటివారికి త్వరగా వచ్చేస్తానని మాట ఇచ్చిన ఒకే బిడ్డ మళ్లీ మళ్లీ అదే కడుపున పుట్టి పోతున్నదనీ పాతకాలపు నమ్మకం. చనిపోయిన బిడ్డ ఒంటి మీద గాటు పెట్టి, తరువాతి కాన్పులో ఆ మచ్చ కోసం వెతికేవారు. మనకు దయ్యమంటే చచ్చాక పీడించేది; అబికు తల్లి ఒడిలో పాలు తాగుతున్నప్పుడూ అబికే.

ఆ బిడ్డలకు పెట్టే పేర్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ‘మాలోమో’ అంటే ఇక వెళ్లకు. ‘డురోసిన్మి’ అంటే నువ్వుండి నన్ను మట్టి చెయ్యి. ‘కోసోకో’ అంటే పార లేదు, అనగా నీకు గొయ్యి తవ్వే పనిముట్టు కూడా ఇంట్లో మిగలలేదు. పందొమ్మిదో శతాబ్దంలో లేగోస్‌ను ఏలిన ఒక రాజు పేరు ఇదే. మనకు పెంటయ్య, తవిటయ్య గుర్తుకు రావడం సహజమే. బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఎత్తుకోవడం, తవుడు ఇచ్చి కొన్నట్టు నటించడం మన ఊళ్లలోనూ ఉండేవి. అయితే మన పేరు, ఇది పనికిమాలిన బిడ్డ అని చావును ఏమారుస్తుంది. యొరూబా పేరు చాలాసార్లు బిడ్డతోనే మాట్లాడుతుంది, బతిమాలుతుంది, దెప్పుతుంది. అడవి కూడా వద్దన్నదనే అర్థం గల ‘ఇగ్బెకోయి’ మాత్రం పెంటయ్యకు దగ్గరి చుట్టం.

నైజీరియా రచయిత బెన్ ఓక్రికి 1991లో బుకర్ బహుమతి తెచ్చిన ‘ది ఫేమిష్డ్ రోడ్’ నవలలో కథ చెప్పేది అబికు బాలుడే. మొదట లజారో అని పిలిచిన తల్లిదండ్రులు, చచ్చి లేచిన లాజరస్ స్ఫురిస్తాడని ఆ పేరును అజారోగా కుదిస్తారు. స్వాతంత్ర్యం ముంగిట నిలిచిన దేశాన్ని కూడా ఆ నవల అబికుతో పోలుస్తుంది. ‘పిల్లదయ్యం’ అని రాస్తే ఈ పోలిక తిట్టుగా మారిపోతుంది. అందువల్ల మాటను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘పుట్టి దక్కని బిడ్డ’ అన్న మన పలుకుబడిని వాక్యంలోనే కలిపితే చాలును.

నైజీరియాలోనే మరో జాతివారైన ఇగ్బోలు ఇలా పుట్టి పోయే బిడ్డను ‘ఒగ్బాంజె’ అంటారు; దానిని కూడా ఇందులోనే కలిపేయడం నాకు సమ్మతం కాదు. అక్కడ బిడ్డ మట్టిలో దాచిన ‘ఇయి ఉవా’ను, అంటే పైలోకంతో తనను ముడివేసే వస్తువును, తవ్వి తీస్తేనే ఆ రాకపోకలు తెగుతాయని నమ్మకం. చినువా అచెబె 1958 నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’లో ఒగ్బాంజె అనుకున్న ఎజిన్మా అనే పిల్ల ఊరంతా తిప్పి చివరికి చోటు చూపించడం, లోతైన గోతిలోంచి గుడ్డముక్కలో చుట్టిన నున్నని గులకరాయి బయటపడడం ఈ నమ్మకం మీద నడిచే ఘట్టమే. దానిని అబికు అన్న పేరుతో వివరించబోతే ఆ రాయి ఎందుకో పాఠకుడికి తెలియదు.