రాజ్మా గింజల నూనెలో లినోలెనిక్ (ఒమేగా-3 ఫ్యాటీ యాసిడ్) ఇంత ఎక్కువ చూపిస్తోంది, జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) తెలిసినవాళ్లు చూడండి

ల్యాబ్_కాపరి: పొద్దున్నుంచి నూనెలో ఏ ఫ్యాటీ యాసిడ్ ఎంతుందో చెప్పే జీసీ మిషన్ ముందే కూర్చున్నా, బుర్ర పనిచేయడం లేదు. నూనె తీసి, మిథైల్ ఎస్టర్లుగా (తేలిగ్గా ఆవిరయ్యే రూపంలోకి) మార్చి ఎక్కిస్తే లినోలెనిక్ 52 శాతం అంటోంది. సోయాలోనే 7, 8 శాతం కదా! గైడ్ చూడగానే "మళ్లీ చెయ్యి" అన్నారు. శాంపిల్ అయిపోవచ్చింది, ఎల్లుండి ప్రెజెంటేషన్. ఒకటే టెన్షన్.

కాలమ్_గురు: ఎలా తీశావు? ఏ కాలమ్ (మిషన్లో వాటిని విడదీసే సన్నని గొట్టం)?

ఉలవచారు_అభిమాని: 52 శాతమా! చేప నూనె గోలీలు కొనేవాళ్లకి చూపించాలి ఇది. మన పెద్దలు ఊరికే తినమన్నారా?

పప్పులో_కాలు: అన్నా, మురిసిపోకండి. అది ఫ్యాటీ యాసిడ్లలో వాటా. రాజ్మా గింజల్లో కొవ్వే ఒకటి, ఒకటిన్నర శాతం. 100 గ్రాములు తిన్నా లినోలెనిక్ గ్రాము దాటడం కష్టం. చేప నూనెలో ఉండేవి ఈపీఏ, డీహెచ్ఏ అనే వేరే ఒమేగా-3లు. లినోలెనిక్ ఒంట్లో వాటిగా మారేది చాలా తక్కువ.

ల్యాబ్_కాపరి: తీసింది హెక్సేన్ అనే ద్రావకంతో, సాక్స్‌లెట్ పరికరంలో సార్. కాలమ్ అందరి దగ్గరా ఉండేదే, డీబీ-5 (పోలారిటీ తక్కువున్న రకం).

మిక్సీ_జార్: పిండి పాతదేమో. గింజలో ఉండే లైపాక్సిజనేజ్ ఎంజైమ్ వల్ల ఆక్సిడైజ్ అయి ఉంటుంది.

కాలమ్_గురు: అలాగైతే లినోలెనిక్ తగ్గాలి, పెరగడమేంటి? ఓలియిక్ (ఇంకో ఫ్యాటీ యాసిడ్) ఎంత వచ్చింది?

ల్యాబ్_కాపరి: గ్రాఫ్‌లో దానికి అసలు పీకే (శిఖరమే) లేదు సార్.

కాలమ్_గురు: తిరకాసు అక్కడే. డీబీ-5 మీద ఓలియిక్, లినోలెనిక్ ఎస్టర్లు దాదాపు ఒకేసారి బయటికొస్తాయి. నీ 52లో రెండూ కలిసున్నాయి. ఆ పీక్‌ని పెద్దది చేసి చూడు, ఒక పక్క ఉబ్బు కనిపించొచ్చు. డీబీ-23 లాంటి పోలార్ కాలమ్ మీద 18:1, 18:2, 18:3 (ఓలియిక్, లినోలెయిక్, లినోలెనిక్) వరసగా విడివిడిగా వస్తాయి. అయినా రాజ్మాలో 40 శాతం దాకా రావడం మామూలే. సోయాతో పోలికేంటి?

ఫోల్చ్_భక్తుడు: కాలమ్ సరే, తీసిన పద్ధతో? హెక్సేన్‌కి ఫాస్ఫోలిపిడ్లు (ఫాస్ఫరస్ ఉన్న కొవ్వులు) సరిగా లొంగవు. కొవ్వు తక్కువున్న గింజల్లో వాటి వాటా ఎక్కువ. నువ్వు తీసింది క్రూడ్ ఫ్యాట్ (హెక్సేన్‌లో కరిగినంత), టోటల్ లిపిడ్ (మొత్తం కొవ్వు) కాదు. క్లోరోఫామ్, మిథనాల్ 2:1లో తియ్యి. 1957 నుంచీ ఉన్న ఫోల్చ్ పద్ధతే.

కాలమ్_గురు: ఎలా తీసినా, ఏ పేరు పెట్టినా ఆ కాలమ్ మీద పీక్ విడిపోదు.

ఫోల్చ్_భక్తుడు: టైటిల్లో "టోటల్ లిపిడ్స్" అని రాస్తే వైవాలో మొదటి ప్రశ్న అదే.

పప్పులో_కాలు: తార్నాక ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ల 2017 ఆహార పోషక పట్టికలతో పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త. అందులో శాతాలుండవు, 100 గ్రాముల గింజకి మిల్లీగ్రాములు.

ఉలవచారు_అభిమాని: ఉలవల్లో ఎంతో ఎవరూ చెప్పరేం?

ల్యాబ్_కాపరి: పక్క డిపార్ట్‌మెంట్లో డీబీ-23 ఉందట, అడుగుతున్నా.

కాలమ్_గురు: ఓవెన్ 250 డిగ్రీలు దాటించకు. డీబీ-5కి వాడిన పాత ప్రోగ్రామ్ అలాగే పెడితే వాళ్ల కాలమ్ కాలిపోతుంది.

ల్యాబ్_కాపరి: సరే సార్, థాంక్స్.