పెదనాన్న సంవత్సరీకానికి స్మృతి సంచిక వేయాలి: రాతలు ఎలా రాబట్టాలి, ప్రెస్‌కి ఏం ఇవ్వాలి?

అడిగినవారు: తెనాలి అబ్బాయి

మా పెదనాన్న లెక్కల మాస్టారు. పోయి నాలుగు నెలలైంది. సంవత్సరీకానికి వచ్చినవాళ్ల చేతిలో ఆయన్ని తలుచుకునే చిన్న పుస్తకం పెట్టాలని ఇంట్లో అందరం అనుకున్నాం. చుట్టాలు, స్నేహితులు, శిష్యులు కలిపి నలభై మంది దాకా రాస్తామన్నారు. వచ్చినవన్నీ ఒకేలా ఉన్నాయి: "క్రమశిక్షణ గల మనిషి, ఆయన లేని లోటు తీరనిది." అందులో పెదనాన్న కనపడటం లేదు. 200 కాపీలు చాలు. దారి చెప్పండి.

జవాబు: పాత అచ్చు

"ఆయన గురించి రాయండి" అంటే ఎవరైనా సంతాప తీర్మానమే రాస్తారు. ఒక్కొక్కరికీ వేరే ప్రశ్న ఇవ్వండి, జవాబు ఒకే సంఘటన అయ్యేలా. శిష్యుల్ని అడగండి: లెక్క తప్పితే మాస్టారు సరిగ్గా ఏ మాట అనేవారు? తోటి మాస్టార్లని: స్టాఫ్ రూములో దేని మీద వాదన పడేది? పెద్దమ్మగారిని: బజారు నుంచి వస్తూ చెప్పకుండానే ఏం తెచ్చేవారు? కోపం, చాదస్తం కూడా రానివ్వండి. అవి తీసేస్తే మిగిలేది ఎవరికైనా సరిపోయే మనిషి.

డెబ్బై దాటినవాళ్లని రాయమనొద్దు, మాట్లాడించండి. ఫ్యాన్ ఆపి, ఫోన్ మూరెడు దూరంలో పెట్టి రికార్డ్ చేయండి. ముందు చేతికి ఒక పాత ఫోటో ఇస్తే మాట దానంతటదే వస్తుంది. అరగంట మించితే అలసిపోతారు. రాసేటప్పుడు వాళ్ల యాసని గ్రాంథికం చేయకండి. రాశాక చదివి వినిపించి, సరేనన్నాకే అచ్చుకివ్వండి. ఆస్తులు, అప్పులు, పాత తగాదాల మాటలు అక్కడే ఆగిపోతాయి.

ఒకే సంఘటనకి ఇద్దరు రెండు సంవత్సరాలు చెప్తారు. సంఘటన ఇద్దరిదీ ఉంచండి. సంవత్సరం మాత్రం సర్వీస్ రిజిస్టర్, పదో తరగతి సర్టిఫికెట్, శుభలేఖల్లో చూసి వేయండి.

జవాబు: డీటీపీ సెంటర్

డెమీ 1/8 సైజు (మామూలు చిన్న పుస్తకం సైజు) పేజీలో 13 పాయింట్ అక్షరంతో సుమారు 200-250 మాటలు పడతాయి. మనిషికి ఒక పేజీ అనుకుంటే 40, ఫోటోలకి 16, ముందుమాట, వంశవృక్షం వగైరాలకి 8. మొత్తం 64. పేజీలు 16 గుణిజంలో ఉంటే ఫారం (ఒకేసారి అచ్చు వేసి మడిచే పెద్ద కాగితం) వృథా కాదు. లోపల 80 జీఎస్‌ఎం (కాగితం బరువు లెక్క) మ్యాప్‌లితో కాగితం, కవరుకి 250 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు. ఈ మందానికి సెంటర్ పిన్నే (మధ్య మడత మీద పిన్ను కొట్టడం) మంచిది; గమ్ బైండింగ్ చేస్తే వెన్ను సన్నగా ఉండి పేజీలు ఊడతాయి. పిన్ను కొట్టినప్పుడు మధ్య కాగితాలు బయటికి తోసుకొస్తాయి, కటింగ్‌లో అంచు తెగుతుంది. అందుకని చుట్టూ అరంగుళం ఖాళీ వదలమనండి. 200 కాపీలకి డిజిటల్, ఆఫ్‌సెట్ రెండింటి ధరా అడగండి. ఆఫ్‌సెట్‌కి చేయించే ప్లేట్ల ఖర్చు తక్కువ కాపీల మీదే బరువుగా పడుతుంది.

ఎక్కువగా చెడేది ఫాంటు దగ్గర. ఫోన్లో కొట్టిన తెలుగు యూనికోడ్. చాలా సెంటర్లు ఇంకా 'అను' అనే పాత పద్ధతి ఫాంట్లు వాడతాయి, అవి యూనికోడ్ కావు. మార్చేటప్పుడు వత్తులు, సున్నలు తారుమారవుతాయి. కాబట్టి మీరు పంపిన దాన్ని కాదు, కన్వర్ట్ చేశాక తీసిన ప్రింటునే ప్రూఫ్ చూడాలి, కనీసం రెండుసార్లు. రెండోసారి పేర్లు, ఇంటిపేర్లు, వరసలు మాత్రమే చూడండి. చుట్టాలు క్షమించనివి అవే.

ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే పిక్సెళ్లు తగ్గిపోతాయి, డాక్యుమెంటుగా పంపించుకోండి. అచ్చు సైజులో 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) ఉండాలి. పాస్‌పోర్ట్ ఫోటోని నాలుగింతలు పెంచాలంటే 1200 డీపీఐలో స్కాన్ చేయించాలి. ప్రతి ఫోటోలో ఉన్నవాళ్ల పేర్లు పెద్దమ్మగారితో ఇప్పుడే రాయించండి.

జవాబు: పంచాంగం

ప్రెస్‌కి గడువు చెప్పేముందు పురోహితుణ్ణి తిథి అడగండి. సంవత్సరీకం మామూలు ఏడాదిలో ఇంగ్లీషు తేదీకి దాదాపు 11 రోజులు ముందే వస్తుంది. మధ్యలో అధిక మాసం పడితే 18, 19 రోజులు ఆలస్యంగా. 2026లో జ్యేష్ఠం అధికం. మామూలు ఏడాదిలో ఇంగ్లీషు తేదీ పట్టుకుని అచ్చు వేయిస్తే పుస్తకం కర్మ అయిపోయాక చేతికొస్తుంది. మొదటి పేజీలో ఇంగ్లీషు తేదీతోపాటు సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి వేయించండి. ముందు ముందు ఆబ్దికం పెట్టే పిల్లలకి పనికొస్తుంది.

అడిగినవారు: తెనాలి అబ్బాయి

అందరికీ నమస్కారం. ప్రశ్నలు ఈరోజే పంచేస్తాను. ఒక్కటి: ఆయన పెళ్లి ఫోటో ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయింది. ఉన్నది ఆ ఒక్క ప్రతే.

జవాబు: డీటీపీ సెంటర్

లాగకండి, తడపకండి, పై పొర అద్దంతో వచ్చేస్తుంది, ముందు పోయేది మొహమే. అద్దంతోనే ఉంచి, బయటి వైపు మాత్రం పొడిగుడ్డతో తుడిచి స్కానర్ మీద బోర్లా పెట్టించండి. ఫ్రేము పట్టకపోతే పగటిపూట నీడలో, ఫ్లాష్ లేకుండా, ఎదురుగా నల్లగుడ్డ కట్టి దాని కన్నంలోంచి కెమెరాతో తీయండి. అద్దంలో నీడలు పడవు.