ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) సొమ్ము నేను కట్టాలా, కంపెనీ చేత కట్టించాలా?

హనుమకొండలో ప్రైవేటు ఉద్యోగం. మూల వేతనం నెలకు 40,000, డీఏ లేదు. మూడేళ్లుగా నా జేబులోంచి నెలకు 4,000 ఎన్‌పీఎస్‌లో వేస్తున్నాను. కొత్త పన్ను విధానంలోకి మారాక దానికి పైసా మినహాయింపు లేదు. పాత విధానంలోని అదనపు 50,000 మినహాయింపు మాట మరిచిపోవలసిందే. అదే కంపెనీ వాటాగా జమ అయితే మూల వేతనంలో 14 శాతం వరకు, అంటే నెలకు 5,600 మీద పన్ను పడదు. నిన్న మా అకౌంటెంటు గారు ‘మీ ప్రత్యేక భత్యంలోంచే తగ్గించి కడతాం, సంతకం పెట్టండి’ అంటూ కాగితం నా ముందుకు జరిపారు. డబ్బు నాది, పేరు వాళ్లది! సరే, పన్ను మిగిలితే అదే చాలు. ఇలా మార్చుకున్నవారు ఎవరైనా ఉన్నారా? దీనివల్ల పీఎఫ్, గ్రాట్యుటీ తగ్గుతాయా? నా పాత ప్రాన్ (ఎన్‌పీఎస్ ఖాతా) నంబరునే కంపెనీ కిందికి మార్చుకోవచ్చా? ఈ నెల జీతాల లెక్క తేలేలోపు చెప్పగలరు.