వడ్డీకిచ్చిన అప్పు కూడా సాయమేనా?

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను. వచ్చేవారం క్లాసులో వాతావరణ నిధుల గురించి, అంటే వాతావరణ మార్పును తట్టుకోడానికి పేద దేశాలకు ధనిక దేశాలిచ్చే డబ్బు గురించి మాట్లాడాలి, కాస్త టెన్షన్‌గా ఉంది.

2020 నాటికి ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హాగెన్‌ వాతావరణ సదస్సులో మాటిచ్చాయి. ఎక్కువగా ధనిక దేశాలే ఉన్న ఓఈసీడీ అనే కూటమి లెక్కలో ఆ మొత్తం 2022లో గానీ దాటలేదు. 2024లో బాకు సదస్సులో 2035 నాటికి ఏడాదికి 30,000 కోట్ల డాలర్లన్నారు. చాలదని మన దేశం అక్కడే అభ్యంతరం చెప్పింది.

నా చిక్కు వేరే. ఇందులో ఎక్కువ భాగం అప్పులే. మేనమామ దగ్గర తెచ్చిన చేబదులును ఎవరైనా కట్నమంటారా? వడ్డీ రాయితీ వల్ల మిగిలేంత మాత్రమే సాయంగా లెక్కగట్టే పద్ధతి ఉంది కదా, దాన్ని అంకెలతో ఎవరైనా వివరిస్తారా? సోలార్ పార్కు ఉదాహరణైతే మరీ మంచిది. మాది పెద్ద సోలార్ పార్కున్న పావగడ పక్కనున్న మడకశిర లెండి.