నీలి టోపీ కాపాడుతుందా, తుపాకీ కాపాడుతుందా?

పెన్నగట్టు (నెల్లూరు):
మా పెద్దమ్మ కొడుకు పేరు ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో (నీలి టోపీల వాళ్లు) దక్షిణ సూడాన్ వెళ్లే మన బెటాలియన్ జాబితాలో వచ్చింది. పెద్దమ్మ ఒకటే ప్రశ్న: "శాంతి కోసం వెళ్లేవాడికి బుల్లెట్లు ఆపే చొక్కా ఎందుకురా?" ఏం చెప్పను? 2013 ఏప్రిల్‌లో అక్కడి జోంగ్లే రాష్ట్రంలో మాటు వేసి ఐదుగురు భారత సైనికులను చంపారు. డిసెంబరులో అక్కడే అకోబోలోని సమితి శిబిరం మీద సుమారు 2,000 మంది సాయుధులు విరుచుకుపడితే మరో ఇద్దరు పోయారు. బ్రెజిల్ జనరల్ శాంటోస్ క్రూజ్ 2017 చివర ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదికలో మొహమాటం లేకుండా చెప్పాడు: నీలి హెల్మెట్, సమితి జెండా ఇక వాటంతట అవే రక్ష కావు, బలం వాడటానికి జంకితే మనవాళ్లే చస్తారు అని. నాదీ అదే మాట. గోడ వెనక కూర్చున్నవాడి మీదికి ఎప్పుడు రావాలో శత్రువే నిర్ణయిస్తాడు.

మాజీ హవల్దారు (గిద్దలూరు):
బాబూ, నేను కాంగోలో గోమా దగ్గర పనిచేశాను. మా బండ్లకు తెల్ల రంగు వేస్తారు, కొండ అవతలి నుంచే కనబడతాయి. దాక్కుని కొట్టే యుద్ధం కాదది. ఒకరోజు సంత దారిలో అరటి గెలలు మోసుకొచ్చే ఆడవాళ్లు ఒక్కరూ కనబడలేదు. మా దుబాసీ చేయి అడ్డంపెట్టి "ఈ రోజు ముందుకు వద్దు" అన్నాడు. వెనక్కి తిరిగాం. ఆ కబురు తుపాకీ ఇవ్వదు. పైగా 2013లో కాంగోలో సమితి దాడి చేసే అధికారంతోనే ప్రత్యేక బ్రిగేడ్ పెట్టింది కదా, అయినా 2017 డిసెంబరులో అక్కడి సెములికి శిబిరంలో కనీసం 14 మంది టాంజానియా సైనికులు చనిపోయారు. ఆ బ్రిగేడ్ వాళ్లే.

పెన్నగట్టు:
హవల్దారు గారూ, సెములికి మీ వాదానికి పనికిరాదు. విచారణలో తేలింది వేరు: ముట్టడిలో ఉన్నవాళ్లకు అదనపు బలగం పంపే, వాళ్లను బయటికి తెచ్చే ప్రణాళికే లేదు. విమానాలు, ఇంజనీర్లు, గూఢచారం, అన్నీ కొరతే. కాల్చడం వల్ల పోలేదు, ఒంటరిగా వదిలేయడం వల్ల పోయారు.

మాజీ హవల్దారు:
ఒప్పుకుంటాను. మరి 2022 జులైలో కాంగోలోని బుటెంబో పట్టణంలో జరిగింది? సమితికి వ్యతిరేకంగా జనం రోడ్డెక్కారు, ఆ గుంపులో కొందరు కాంగో పోలీసుల తుపాకులే లాక్కుని కాల్చారు. మన సరిహద్దు భద్రతా దళం వాళ్లు ఇద్దరు పోయారు. అక్కడ ముందుగా కాల్చమంటావా? ఎవరి మీద? ఆ జనాన్ని కాపాడటానికే కదా వెళ్లింది!

నర్సమ్మ (కావలి):
మీరిద్దరూ తుపాకీ దగ్గరే ఆగిపోయారు. తగిలాక సంగతి? సమితి పెట్టుకున్న లెక్క: 10 నిమిషాల్లో ప్రథమ చికిత్స, గంటలో ఉన్నత వైద్యం, రెండు గంటల్లో ఆపరేషన్. ఇక్కడ హైవే మీద దెబ్బతిన్నవాణ్ని నెల్లూరు చేర్చడానికే గంట పడుతుంది, అదీ మంచి రోడ్డు, సొంత దేశం. అక్కడ రాత్రిపూట, అడవిలో, ఆ దేశ ప్రభుత్వం హెలికాప్టర్‌కు అనుమతి ఇచ్చేదాకా ఎదురుచూస్తే ఆ లెక్క కాగితం మీదే. నన్నడిగితే డబ్బు ముందు దానికి పెట్టాలి, చీకట్లో ఎగిరే హెలికాప్టర్లకు.

బకింగ్‌హాం కాలువ:
అసలు మనవాళ్లను పంపడం ఎందుకండీ?

మాజీ హవల్దారు:
1961లో కాంగోలోని కటాంగాలో సమితి దళంలో ఉండి కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందాడు. అప్పటి నుంచీ ఈ ప్రశ్న ఉంది. దానికి వేరే చర్చ పెట్టండి. నాకు మండేది ఇంకొకటి: శాంతి సైనికులను చంపినవాళ్లలో శిక్ష పడింది ఎందరికి? 2021 ఆగస్టులో భద్రతా మండలికి మనమే అధ్యక్షత వహిస్తూ, ఆ నేరగాళ్లను చట్టం ముందు నిలబెట్టాలని 2589 నంబరు తీర్మానం చేయించాం. తీర్మానం సరే, పట్టుకునేది ఆ దేశపు పోలీసులే. వాళ్ల తుపాకులే కదా బుటెంబోలో పేలింది.

పెన్నగట్టు:
సరే, దుబాసీ కావాలి, హెలికాప్టర్ కావాలి. అయినా వేలు ట్రిగ్గర్ మీద ఉండాలనే నా మాట మారదు. పెద్దమ్మకు ఏం చెప్పాలో మాత్రం ఇంకా తెలియలేదు.

నర్సమ్మ:
అమ్మకు తర్వాత చెబుదువు. రక్తం ఆపే పట్టీ ఒంటి చేత్తో బిగించడం వచ్చా అని మీ తమ్ముణ్ని అడుగు ముందు.

పెన్నగట్టు:
ఇప్పుడే ఫోను చేశాను. నవ్వాడు. కుడి చేత్తో వచ్చట, ఎడమ చేత్తో ఇంకా జారిపోతోందట.