విశాఖ ఉప్పుగాలిలో పాత కాంటెస్సా కారును కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ నుంచి):
నాన్నగారు 1994లో కొన్న కాంటెస్సా క్లాసిక్ ఇప్పుడు నా దగ్గర ఉంది. 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజిన్, అయిదు గేర్లు ఉన్న ఆ బండి భీమిలి రోడ్డెక్కితే నేటికీ హుషారుగానే పరుగెడుతుంది. నెలకొకసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసి, పైన ప్లాస్టిక్ కవరు కప్పుతున్నాను. అయినా తలుపుల అడుగున రంగు పొక్కులు లేచింది, పైగా రెండుసార్లు పెట్రోల్ అందక దారిలోనే ఆగిపోయింది. మెకానిక్ కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) శుభ్రం చేసినప్పుడల్లా వారం రోజులు బాగుండి మళ్ళీ అదే తంతు. ముందుగా పెయింటింగ్ చేయించమంటారా? దీన్ని వింటేజ్ బండిగా నమోదు చేయించవచ్చా?

జవాబు 1 (గాజువాక నుంచి):
పెయింటింగ్ మాట ఇప్పుడే తలపెట్టకండి. పొక్కులు లోపలి తుప్పు వల్ల వస్తున్నాయి కాబట్టి పైన ఎంత ఖరీదైన రంగు వేసినా రెండు వర్షాకాలాలు దాటదు. తలుపుల అడుగు అంచున నీరు పోయే సన్నని రంధ్రాలుంటాయి, అవి మట్టితో పూడుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి. ఆ ప్లాస్టిక్ కవరు చెమ్మను లోపలే బంధిస్తుంది, దాని బదులు నూలు కవరు వాడండి. బీచ్ రోడ్డు మీద తిరిగి వచ్చిన రోజున బండి అడుగు భాగాన్ని మంచినీటితో కడగండి.

పెట్రోల్ సంగతికి వస్తే, నాకు అనుమానం కార్బురేటర్ మీద కాదు, ట్యాంకు మీద. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, సగం ఖాళీగా నిలిపిన ట్యాంకు లోపల తుప్పు పట్టి, ఆ రజను కొట్టుకొచ్చి జెట్లకు, అంటే కార్బురేటర్‌లో పెట్రోల్ వెళ్ళే సన్నని రంధ్రాలకు, అడ్డుపడుతుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు కూడా ఇథనాల్‌కు మెత్తబడతాయి, వాటిని మార్పించండి. ఇక అయిదు నిమిషాల స్టార్టింగ్ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది, ఎందుకంటే సైలెన్సర్‌లో, ఇంజిన్ ఆయిల్‌లో చేరిన నీరు ఆవిరయ్యేంత వేడి అప్పటికి పుట్టదు. పది రోజులకొకసారైనా అరగంట నడపండి.

జవాబు 2:
వింటేజ్ నమోదుకు 2021 నాటి నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్ళు నిండాలి, మీదింకా పసిది! 15 ఏళ్ళు దాటిన బండ్లకు అయిదేళ్ళకొకసారి చేయించే రిజిస్ట్రేషన్ రెన్యువలే మీకు దారి.

ప్రశ్న అడిగినవారు:
అండీ, మీరు చెప్పినట్టే ఎడమ తలుపు రంధ్రాన్ని పొడిచి చూస్తే గ్లాసెడు ఎర్రటి నీళ్ళు కారాయి. ఆదివారం ఆటోనగర్‌లో ట్యాంకు దింపిస్తున్నాను. చిల్లు ఉంటే అక్కడికక్కడే వెల్డింగ్ చేస్తామంటున్నారు.

జవాబు 1:
అక్కడికక్కడే అంటే ఒప్పుకోకండి. పెట్రోల్ వంపేసిన ట్యాంకులో మిగిలే ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదకరం, మంట తగిలితే పేలుతుంది. ఆవిరి పూర్తిగా పోయేలా శుభ్రం చేసి అతుకు వేయడం తెలిసిన ట్యాంకు పనివారికే ఇవ్వండి, రెండు రోజులు ఆలస్యమైనా సరే.